టీఎంటీ కడ్డీకి తన్యతా పరీక్ష సరిగ్గా చేయడం ఎలా: నమూనా కోత నుంచి రిపోర్టు దాకా

ఒకే టీఎంటీ కడ్డీ (వేడి చికిత్సతో గట్టిపరిచిన, కాంక్రీటులో వాడే ఉక్కు కడ్డీ) నుంచి కోసిన రెండు ముక్కలకు రెండు ల్యాబుల్లో రెండు వేర్వేరు ఈల్డ్ (కడ్డీ శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్థాయి) విలువలు ఎందుకు వచ్చాయని సైటు ఇంజనీర్లూ, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ప్రాక్టికల్స్ చేస్తున్న డిప్లొమా, బీటెక్ విద్యార్థులూ పదే పదే అడుగుతున్నారు. చాలా సందర్భాల్లో ఆ తేడా కడ్డీలో ఉండదు, యంత్రంలోనూ ఉండదు. యూటీఎం (యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్, కడ్డీని లాగే యంత్రం) స్విచ్ వేయకముందే, కోత దగ్గరో తూకం దగ్గరో తప్పు జరిగిపోయి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో తయారీ పనికే ఎక్కువ చోటు ఇచ్చాను. లోడ్ ఇచ్చి కడ్డీని తెంపడం మొత్తం పనిలో రెండు మూడు నిమిషాల వ్యవహారమే.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది 16 మి.మీ. ఎఫ్ఈ 500డి గ్రేడు కడ్డీ (500 అన్నది కనీస ఈల్డ్, ‘డి’ అంటే ఎక్కువ సాగే రకం). కడ్డీకి ఉండాల్సిన గుణాలను భారతీయ ప్రమాణం ఐఎస్ 1786, లోహాలకు తన్యతా పరీక్ష (లాగి చూసే పరీక్ష) చేసే పద్ధతిని ఐఎస్ 1608 నిర్దేశిస్తాయి. పరీక్ష మొదలుపెట్టే ముందు ఈ రెండింటి తాజా ప్రతులనూ, వాటి సవరణలనూ దగ్గర పెట్టుకోవాలి.

1. ఏ విలువలు తేలాలో ముందే రాసుకోండి

ఈ పరీక్షలో మూడు విలువలు తప్పనిసరిగా తేలాలి. మొదటిది ఈల్డ్ ప్రతిబలం, లేదా స్పష్టమైన ఈల్డ్ కనిపించనప్పుడు 0.2 శాతం ప్రూఫ్ ప్రతిబలం (0.2 శాతం శాశ్వత సాగుదల మిగిల్చే ప్రతిబలం). రెండవది గరిష్ఠ తన్యతా బలం. మూడవది విరిగిన తర్వాతి సాగుదల శాతం. పేరు చివర ‘డి’ ఉన్న గ్రేడులకు వీటితోపాటు గరిష్ఠ లోడ్ వద్ద మొత్తం సాగుదల కూడా కావాలి. ఐఎస్ 1786 ప్రకారం కనీస విలువలు ఇవి. ప్రతిబలాలన్నీ మెగాపాస్కళ్లలో ఉన్నాయి. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మి.మీ.కు ఒక న్యూటన్.

• ఎఫ్ఈ 500: ఈల్డ్ 500, తన్యతా బలం 545, సాగుదల 12 శాతం.
• ఎఫ్ఈ 500డి: ఈల్డ్ 500, తన్యతా బలం 565, సాగుదల 16 శాతం, గరిష్ఠ లోడ్ వద్ద మొత్తం సాగుదల 5 శాతం.
• ఎఫ్ఈ 550డి: ఈల్డ్ 550, తన్యతా బలం 600, సాగుదల 14.5 శాతం, గరిష్ఠ లోడ్ వద్ద మొత్తం సాగుదల 5 శాతం.

తన్యతా బలానికి మరో షరతు కూడా ఉంది, దాన్ని మరిచిపోయేవారే ఎక్కువ. పై అంకెను దాటితే సరిపోదు. ఆ కడ్డీకి నిజంగా వచ్చిన ఈల్డ్ కన్నా ఎఫ్ఈ 500లో 8 శాతం, 500డిలో 10 శాతం, 550డిలో 8 శాతం ఎక్కువ ఉండాలి. ఈల్డ్ 590 వచ్చిన 500డి కడ్డీకి 620 తన్యతా బలం వస్తే అది 565ను దాటినా షరతుకు నిలవదు, ఎందుకంటే దానికి కావలసింది 649. ఈల్డ్ ఎక్కువ వచ్చిందని సంతోషించే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

2. నమూనా ఎంపిక, కోత

కడ్డీ మీద రోలింగులో ఉబ్బెత్తుగా వచ్చిన గుర్తుల్లో తయారీదారు పేరు, గ్రేడు చదివి నోట్‌బుక్‌లో ఎక్కించండి. బిల్లులో ఉన్న గ్రేడు, కడ్డీ మీద ఉన్న గ్రేడు ఒకటేనా అన్నది ఇక్కడే తేలిపోవాలి.

మన దగ్గర కడ్డీలు లారీలో పట్టేందుకు మధ్యకు మడిచి పంపడం మామూలే. ఆ మడత పడిన చోటు నుంచి నమూనా తీయకూడదు. ఒకసారి వంగి, మళ్లీ సాపు చేసిన ఉక్కు అప్పటికే ప్లాస్టిక్ (శాశ్వత) వికృతికి లోనై ఉంటుంది కాబట్టి ఈల్డ్ స్పష్టంగా కనిపించదు, విలువ కూడా మారుతుంది. మడతకు దూరంగా, నిటారుగా ఉన్న భాగాన్నే ఎంచుకోండి.

పొడవు 600 మి.మీ. తీసుకోండి. రెండు వైపులా యంత్రం దవడల్లో సుమారు 100 మి.మీ. చొప్పున పోగా మధ్యలో 400 మి.మీ. మిగులుతుంది. ఇంత ఎందుకో 8వ అంశంలో తెలుస్తుంది. కోతకు హ్యాక్సా గానీ, నీళ్లు పోస్తూ వాడే కటింగ్ వీల్ గానీ వాడండి. గ్యాస్ కటింగ్ వద్దు. టీఎంటీ బలం చాలావరకు వేడి చికిత్సతో వచ్చినదే కాబట్టి ఆ మంట తగిలిన మేరకు ఉక్కు స్వభావం మారిపోతుంది.

లేత్ మీద తిప్పి మధ్యలో సన్నగా చేసిన నమూనా గురించి చాలామంది అడిగారు. మైల్డ్ స్టీలు గుండ్రటి కడ్డీకి ఆ పద్ధతి చక్కగా పనికివస్తుంది. టీఎంటీకి మాత్రం అది పెద్ద పొరపాటు. రోలింగు నుంచి ఎర్రగా బయటికి వచ్చిన కడ్డీని నీటి ధారలతో ఒక్కసారిగా చల్లార్చినప్పుడు పైపొర మార్టెన్‌సైట్‌గా గట్టిపడుతుంది. లోపల మిగిలిన వేడి మళ్లీ పైకి వచ్చి ఆ పొరను టెంపర్ చేస్తుంది. నడిమి భాగం మాత్రం మెత్తని ఫెర్రైట్, పెర్లైట్‌గానే ఉంటుంది. 16 మి.మీ. కడ్డీని 12 మి.మీ.కు తిప్పితే చుట్టూ 2 మి.మీ. మందం పోతుంది, అంటే ఈల్డ్‌ను నిలబెట్టే గట్టి వలయమే చిప్స్‌గా రాలిపోతుంది. మిగిలిన మెత్తని నడిమిని లాగి, కడ్డీ బలహీనంగా ఉందని రిపోర్టు రాస్తే ఆ తప్పు కడ్డీది కాదు. టీఎంటీని పూర్తి అడ్డుకోతతోనే లాగాలి.

కోత చెక్‌లిస్టు:

• కడ్డీ మీది గ్రేడు గుర్తు నమోదైందా?
• ముక్క నిటారుగా ఉందా? మడత, గాటు, వెల్డింగు చుక్క ఏవైనా ఉన్నాయా?
• రెండు చివరలూ కడ్డీ అక్షానికి లంబంగా కోశారా?
• బెండ్, రీబెండ్ (వంచి, తిరిగి వంచి చూసే) పరీక్షలకు అదే కడ్డీ నుంచి వేరే ముక్కలు కోశారా?
• ప్రతి ముక్క చివర నంబరు వేశారా?

3. అడ్డుకోత వైశాల్యం: వెర్నియర్ పక్కన పెట్టి తూకం వేయండి

ప్రతిబలం అంటే లోడ్‌ను వైశాల్యంతో భాగించిన విలువ. లోడ్‌ను యంత్రం కొలిచి ఇస్తుంది, కానీ వైశాల్యం మనమే తేల్చుకోవాలి. తప్పు దూరేది కూడా ఇక్కడే.

టీఎంటీ కడ్డీ మీద రిబ్బులు ఉంటాయి కాబట్టి వెర్నియర్ ఎక్కడ పెట్టినా సరైన వ్యాసం దొరకదు. రిబ్బుల మీద పెడితే ఎక్కువ వస్తుంది, రిబ్బుల మధ్య పెడితే తక్కువ వస్తుంది. అందువల్ల బరువు నుంచి ప్రభావ వైశాల్యాన్ని లెక్కిస్తారు. ఉక్కు సాంద్రతను ఘనపు మీటరుకు 7850 కిలోలుగా తీసుకుంటే సూత్రం ఇలా ఉంటుంది:

వైశాల్యం (చ.మి.మీ.) = బరువు (కిలోలు) ÷ (0.00785 × పొడవు (మీటర్లు))

క్రమం:

అ) వైర్ బ్రష్‌తో వదులు తుప్పు, సిమెంటు, మట్టి దులపండి. కడ్డీకి అంటుకున్న సిమెంటు కూడా ఉక్కుగానే తూగి వైశాల్యాన్ని పెంచుతుంది, దాంతో బలం తగ్గినట్టు కనిపిస్తుంది.

ఆ) పొడవును మూడు వైపుల నుంచి కొలిచి సగటు తీసుకోండి. కనీసం 500 మి.మీ. ముక్క కావాలి. 600 మి.మీ. ముక్కలో 5 మి.మీ. తప్పు చదివితే వైశాల్యం 0.8 శాతం మారుతుంది, ఈల్డ్‌లో అది దాదాపు 4.6 మెగాపాస్కళ్ల తేడా అవుతుంది.

ఇ) ఒక గ్రాము దాకా చూపే తూకంలో తూచండి. ఇసుక తూచే కాటా ఈ పనికి పనికిరాదు.

మన ఉదాహరణలో 600 మి.మీ. ముక్క బరువు 0.930 కిలోలు అనుకుందాం. వైశాల్యం = 0.930 ÷ (0.00785 × 0.6) = 197.45 చ.మి.మీ. మీటరు బరువు 1.55 కిలోలు అయింది. 16 మి.మీ. కడ్డీకి ప్రామాణిక బరువు 1.58 కిలోలు కాబట్టి తేడా సుమారు 1.9 శాతం తక్కువ. 10 మి.మీ. దాటి 16 మి.మీ. వరకు ఉన్న కడ్డీల్లో విడి నమూనా 6 శాతం దాకా తగ్గవచ్చు గనుక ఇది అంగీకారమే.

ఇదే కడ్డీ 108.6 కిలోన్యూటన్ల వద్ద ఈల్డ్ అయిందనుకోండి. తూకంతో వచ్చిన వైశాల్యంతో భాగిస్తే 550 మెగాపాస్కళ్లు వస్తుంది. రిబ్బుల మీద వెర్నియర్ పెట్టి 17.2 మి.మీ. అని చదివితే వైశాల్యం 232.35 అవుతుంది, ఈల్డ్ 467కు పడిపోయి మంచి కడ్డీ ఫెయిలవుతుంది. రిబ్బుల మధ్య 15.4 మి.మీ. అని చదివితే ఈల్డ్ 583కు ఎగబాకుతుంది. కడ్డీ ఒకటే, లోడ్ ఒకటే, జవాబులు మూడు. విద్యార్థిగా నేను రాసిన మొదటి రికార్డులో ఉన్నది ఈ మూడింటిలో రెండోది. దానికి పది మార్కులు కూడా పడ్డాయి.

4. గేజ్ గుర్తులు

విరిగిన తర్వాతి సాగుదలకు గేజ్ పొడవు (సాగుదల కొలిచేందుకు ముందే గుర్తులు పెట్టుకున్న పొడవు) 5.65 × √వైశాల్యం. గుండ్రటి కడ్డీకి ఇది వ్యాసానికి అయిదు రెట్లతో సమానం. మన కడ్డీకి 5.65 × √197.45 = 79.4, అంటే దగ్గరి 5 గుణకానికి సవరించి 80 మి.మీ. గేజ్ పొడవు రాయకుండా సాగుదల శాతం రాస్తే ఆ అంకెకు అర్థమే లేదు. 200 మి.మీ. మీద కొలిచిన సాగుదల ఎప్పుడూ 80 మి.మీ. మీద కొలిచిన దానికన్నా తక్కువగానే ఉంటుంది, ఎందుకంటే సన్నబడిన చోట వచ్చే పెద్ద సాగుదల ఎక్కువ పొడవు మీద పరుచుకుంటుంది.

రెండే రెండు గుర్తులు పెట్టి, వాటి మధ్యే విరగాలని ఆశించవద్దు. నిలువు రిబ్బు మీద దవడల మధ్య ఉన్న పొడవంతా ప్రతి 10 మి.మీ.కు ఒక గుర్తు పెట్టండి. కడ్డీ ఎక్కడ విరిగినా దాని చుట్టూ ఎనిమిది గడులు ఎంచుకోవచ్చు. పంచ్ వాడితే సుత్తిని తేలికగా తాకించండి. లోతైన చుక్క గాటులా పనిచేసి, కడ్డీ అక్కడే తెగేలా చేస్తుంది. సన్నని గీత లేదా పెయింటు గుర్తు ఇంకా మేలు.

5. యంత్రాన్ని సిద్ధం చేయడం

ముందు గరిష్ఠ లోడ్ అంచనా వేయండి. 500డి కడ్డీకి తన్యతా బలం 700 దాకా రావచ్చని పెట్టుకుంటే 16 మి.మీ.కు 201 × 700, అంటే సుమారు 141 కిలోన్యూటన్లు. 400 కిలోన్యూటన్ల యూటీఎం సరిపోతుంది. 32 మి.మీ. కడ్డీకి 804 × 700, అంటే 563 కిలోన్యూటన్లు. దానికి 600 లేదా 1000 కిలోన్యూటన్ల యంత్రం కావాలి. రేంజ్ మార్చుకునే పాత డయల్ యంత్రాల్లో ఈ అంచనాకు పైన ఉన్న అతి దగ్గరి రేంజ్ ఎంచుకోండి.

• క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ గడువు చూడండి. ఏడాదికోసారి చేయించడం ఆనవాయితీ. లోడ్ దోషం ఒక శాతం లోపు ఉండాలి.
• హైడ్రాలిక్ యంత్రంలో టేబుల్‌ను కొద్దిగా పైకి లేపి తేల్చిన తర్వాతే జీరో చేయండి. కూర్చుని ఉన్న టేబుల్‌తో జీరో చేస్తే దాని సొంత బరువు లెక్కలో కలుస్తుంది.
• డయల్ ప్రమాణం కిలోన్యూటన్లా, కిలోగ్రామ్ ఫోర్సా అన్నది చూడండి. ఒక కిలోగ్రామ్ ఫోర్స్ అంటే 9.81 న్యూటన్లు.
• గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండాకాలంలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఇది దాటిపోతుంది, పొద్దున్నే చేసుకోవడం మంచిది.

6. బిగింపు

గుండ్రటి కడ్డీకి వీ గాడి ఉన్న దవడలు, అవి కూడా ఆ వ్యాసానికి తగినవే వాడాలి. దవడ పళ్ల మధ్య ఇరుక్కున్న పాత పొలుసును వైర్ బ్రష్‌తో తీసేయండి. కడ్డీ జారడానికి చాలాసార్లు ఇదే కారణం. దవడ పొడవులో కనీసం నాలుగింట మూడు వంతులు కడ్డీని పట్టుకోవాలి. పై దవడ బిగించాక కడ్డీ స్వేచ్ఛగా వేలాడనిచ్చి, అది నిట్టనిలువుగా ఉందో లేదో రెండు పక్కల నుంచీ చూసి, ఆ తర్వాతే కింది దవడ బిగించండి. పక్కకు వాలిన కడ్డీలో లాగుడుతోపాటు వంపు కూడా పుడుతుంది, దవడ అంచు దగ్గర తెగే ప్రమాదం పెరుగుతుంది.

7. లోడ్ ఇచ్చే క్రమం

అ) సుమారు 2 నుంచి 3 కిలోన్యూటన్ల చిన్న లోడ్ ఇచ్చి దవడలు కుదురుకోనివ్వండి. ఎక్స్‌టెన్సోమీటర్ (కడ్డీ సాగుదలను సూక్ష్మంగా కొలిచే పరికరం) ఉంటే ఇప్పుడు బిగించి దాని రీడింగు జీరో చేయండి.

ఆ) ఎలాస్టిక్ దశలో ప్రతిబలం సెకనుకు 6 నుంచి 60 మెగాపాస్కళ్ల మధ్య పెరగాలి. మన కడ్డీకి ఇది సెకనుకు 1.2 నుంచి 11.8 కిలోన్యూటన్లు. సెకనుకు 3 కిలోన్యూటన్ల దగ్గర పెట్టుకుంటే 36 సెకన్లలో ఈల్డ్ చేరుతుంది, కంటికి చూసుకునే వ్యవధి కూడా దొరుకుతుంది.

ఇ) అంచనా ఈల్డ్‌లో 80 శాతం దాటాక వాల్వు తిప్పవద్దు. డయల్ ముల్లు నిలిచిపోవడం, వెనక్కి తడబడటం, లేదా స్క్రీను మీద గీత చదునుగా మారడం ఈల్డ్‌కు గుర్తు. కడ్డీ మీది పొలుసు రాలడం కూడా అదే సమయంలో కనిపిస్తుంది. ఆ లోడ్ రాసుకోండి.

ఈ) ముల్లు ఎక్కడా ఆగకుండా గీత నున్నగా వంగిపోతే ప్రూఫ్ ప్రతిబలం తీయాలి. 50 మి.మీ. గేజ్ ఎక్స్‌టెన్సోమీటర్‌కు 0.2 శాతం అంటే 0.1 మి.మీ. అంత దూరం పక్కకు జరిగి, మొదటి సరళ భాగానికి సమాంతరంగా గీత గీస్తే అది వక్రాన్ని ఎక్కడ ఖండిస్తుందో అదే ప్రూఫ్ లోడ్.

ఉ) ఈల్డ్ దశ పూర్తిగా గడిచాక ఎక్స్‌టెన్సోమీటర్ తీసేయండి. కడ్డీ తెగేటప్పటి కుదుపు దాన్ని పాడు చేస్తుంది.

ఊ) వేగం కొంత పెంచి తెగే వరకు లాగండి. గరిష్ఠ లోడ్ రాసుకోండి. ఆ తర్వాత ముల్లు తగ్గడం చూసి ఉక్కు బలం తగ్గిపోయిందనుకోవద్దు. కడ్డీ ఒకచోట సన్నబడి, అక్కడ వైశాల్యం తగ్గింది కాబట్టి లోడ్ తగ్గుతోంది.

తెగేటప్పుడు చప్పుడు తుపాకీ పేలినట్టుంటుంది, పొలుసు కళ్లలోకి ఎగురుతుంది. రక్షణ తెర మూయండి, కళ్లద్దాలు పెట్టుకోండి, కడ్డీకి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడండి. లోడ్ మీద ఉన్న దవడల దగ్గర చెయ్యి పెట్టకూడదు.

8. విరిగిన తర్వాత కొలతలు

రెండు ముక్కలనూ విరిగిన చోట జాగ్రత్తగా కలిపి, ఒకే సరళ రేఖలో పెట్టి, విరుగుడు మధ్యకు వచ్చేలా ఎనిమిది గడులు ఎంచుకుని కొలవండి. విరిగిన చోటు దగ్గరి గేజ్ గుర్తుకు గేజ్ పొడవులో మూడో వంతు కన్నా దగ్గరగా ఉంటే ఆ కొలత మామూలుగా చెల్లదు. అయినా వచ్చిన సాగుదల కనీస విలువను దాటితే అంగీకరించవచ్చు.

గరిష్ఠ లోడ్ వద్ద మొత్తం సాగుదలను సన్నబడిన చోటుకు దూరంగా కొలవాలి. పొడవాటి ముక్క మీద విరుగుడు నుంచి 50 మి.మీ. లేదా వ్యాసానికి రెండింతలు, ఏది ఎక్కువైతే అంత, దవడ నుంచి 20 మి.మీ. లేదా వ్యాసం, ఏది ఎక్కువైతే అంత వదిలేసి, మొదట 100 మి.మీ. ఉన్న భాగం ఇప్పుడెంత ఉందో చూడండి. 50, 100, 20 కలిపితే 170 మి.మీ. మధ్యలో 400 మి.మీ. ఖాళీ ఉంటే కడ్డీ ఎక్కడ విరిగినా ఒక వైపు కనీసం 200 మిగులుతుంది. నమూనా 600 తీసుకోమన్నది ఇందుకే. ఈ కొలతలో వచ్చిన శాతానికి తన్యతా బలాన్ని 2000తో భాగించి కలపాలి; లోడ్ తీశాక వెనక్కి పోయిన ఎలాస్టిక్ సాగుదల అది.

9. లెక్క

• ఈల్డ్: 108600 ÷ 197.45 = 550 మెగాపాస్కళ్లు.
• తన్యతా బలం: 128400 ÷ 197.45 = 650 మెగాపాస్కళ్లు.
• నిష్పత్తి: 650 ÷ 550 = 1.18, కావలసింది 1.10.
• సాగుదల: 80 మి.మీ. గేజ్ 96 అయింది; 16 ÷ 80 = 20 శాతం.
• గరిష్ఠ లోడ్ వద్ద: 100 మి.మీ. 109.2 అయింది, 9.2 + 650 ÷ 2000 = 9.5 శాతం.

ప్రతిబలాలను దగ్గరి పూర్ణాంకానికి, సాగుదలను దగ్గరి అర శాతానికి సవరించండి. 550.01 అని దశాంశాలతో రాయడం కచ్చితత్వం అనిపించుకోదు. తూకంలో ఒక గ్రాము తేడా ఆ దశాంశాలను తుడిచేస్తుంది.

10. యంగ్ గుణకం ఎందుకు తప్పుగా వస్తుంది

విద్యార్థులు క్రాస్‌హెడ్ (దవడను మోసుకుని కదిలే అడ్డదూలం) ఎంత కదిలిందో తీసుకుని గుణకం (ఎలాస్టిక్ దశలో ప్రతిబలాన్ని వికృతితో భాగించిన విలువ) లెక్కిస్తే 20, 30 గిగాపాస్కళ్లు వస్తుంది. ఉక్కుకు ఉండాల్సింది సుమారు 200. ఆ కదలికలో దవడల జారుడు, యంత్రం ఫ్రేము సాగడం అన్నీ కలిసి ఉంటాయి. మన కడ్డీలో లోడ్ 20 నుంచి 60 కిలోన్యూటన్లకు పెరిగితే 50 మి.మీ. గేజ్ నిజంగా సాగేది 0.05 మి.మీ. మాత్రమే. 0.01 మి.మీ. డయల్ గేజ్‌లో అది అయిదే గీతలు. 0.001 మి.మీ. చూపే ఎక్స్‌టెన్సోమీటర్ లేకపోతే గుణకాన్ని రిపోర్టులో రాయకపోవడమే మంచిది.

11. తరచూ వచ్చే చిక్కులు, సవరణలు

ఈల్డ్ కనిపించలేదు: వేగం ఎక్కువై ఉంటుంది, లేదా కడ్డీ ముందే వంగి సాపు చేసినదై ఉంటుంది. కొత్త ముక్కతో తక్కువ వేగంలో చేయండి. అప్పటికీ కనిపించకపోతే ప్రూఫ్ పద్ధతికి వెళ్లండి.

లోడ్ మధ్యలో దిగి మళ్లీ ఎక్కుతోంది: కడ్డీ దవడల్లో జారుతోంది. దాన్ని ఈల్డ్‌గా పొరబడవద్దు. జారుడుకు టిక్కుమన్న చప్పుడు, కడ్డీ మీద గీరిన మచ్చ ఉంటాయి. లోడ్ దించి దవడలు శుభ్రం చేయండి.

దవడ దగ్గర తెగింది: కడ్డీ వాలి ఉండవచ్చు, దవడ అంచు అరిగి పదునెక్కి ఉండవచ్చు. వచ్చిన విలువలు కనీసాన్ని దాటకపోతే ఆ పరీక్షను వదిలేసి కొత్త ముక్కతో చేయాలి.

సాగుదల మరీ తక్కువ, విరుగుడు చదునుగా, సన్నబడకుండా ఉంది: ముందు పంచ్ గాటు, వెల్డింగు చుక్క కోసం చూడండి. అవి లేకపోతే అది కడ్డీ సంగతే, రిపోర్టులో అలాగే రాయాలి.

12. రిపోర్టు, మళ్లీ పరీక్ష

రిపోర్టులో కడ్డీ గుర్తు, గ్రేడు, బరువు, పొడవు, లెక్కించిన వైశాల్యం, గేజ్ పొడవు, లోడ్ వేగం, ఈల్డ్ ఏ పద్ధతిలో తీశారు, విరుగుడు ఎక్కడ పడింది అన్నవి విధిగా ఉండాలి. ‘పాస్’ అని ఒక్క మాట ఉన్న రిపోర్టును సైటులో ఒప్పుకోవద్దు.

నమూనా ఏదైనా ఒక పరీక్షలో నిలవకపోతే ఐఎస్ 1786 ప్రకారం అదే లాట్ (ఒకే విడత కడ్డీలు) నుంచి మరో రెండు నమూనాలు తీసి ఆ పరీక్షే మళ్లీ చేయాలి. రెండూ నిలిస్తే లాట్ అంగీకారం, వాటిలో ఏ ఒక్కటి తప్పినా లాట్ తిరస్కారం. కొత్త నమూనాలను కూడా మొదటి దానిలాగే మడతకు దూరంగా కోసి, తూచి, గుర్తులు పెట్టి చేయాలి. తొందరలో పాత వైశాల్యం అంకెనే వీటికీ వాడేస్తే ఆ రెండు పరీక్షలూ లెక్కలోకి రావు.